ముత్యానికి రబ్బరు చాప

జనవరి 4, 2012, బుధవారం

ముత్యం జారింది. నేల మంచిగ లేదు.

జనవరి 5, గురువారం

ఈ డైరీ మేడ మీద కిరాయికుండే పట్టాభిరామయ్య సారు ఇచ్చిండు. రాజమండ్రి దిక్కు మనిషి. ఆయన రిటైరైన ఆఫీసోళ్లు ఏటేటా రెండు డైరీలు పంపుతరట. ఒకదాంట్ల ఆయన బీపీ రాసుకుంటడు. రెండోది నా చేతుల పెట్టి, "కనకరాజు గారూ, మీలాంటివారు రోజుకో మాట రాసుకుంటే మనసు కుదురుగా ఉంటుందండీ" అన్నడు. నాలాంటోళ్లంటె ఎవలో అడుగలే. ఏడో తరగతి ఫెయిలైనోళ్లు అయ్యుండాలె.

ప్రతి పేజీ అడుగున ఒక సూక్తి అచ్చేసిన్రు. ఇయ్యాల్టిది: ముందుచూపే మనిషికి రక్ష. నిన్నటి పేజీల వెయ్యాల్సింది ఇయ్యాల వేసిన్రు.

పొద్దుగాల డాక్టరమ్మ వచ్చింది. గీతిక అని, పశువుల దవాఖానాకు కొత్తగ వచ్చిన పిల్ల. గోర్లకు రంగు కూడ ఉంది. ఇగ ఈమె ఏం చూస్తది అనుకున్న. గని ముత్యం ముందు ఎడమ కాలు పట్టుకొని మోకాలి కింది నుంచి ఒత్తుకుంట పోతుంటె అది చెవి కూడ కదపలే. నేను పట్టుకుంటె తన్నేది.

"ఎముక బాగానే ఉంది. నరం పట్టేసింది. వాపు తగ్గడానికి ఇరవై రోజులన్నా పడుతుంది. అసలు ఈ బండలేంటండీ? గుర్రాన్ని అద్దం మీద నిలబెట్టారా?"

షాబాదు బండలు. నేనే ఏపిచ్చిన, పాలిష్ కొట్టిచ్చి మరీ. నాచారంల మనుషులకే సరైన గచ్చు లేనప్పుడు నా గుర్రానికి హాలు కట్టిన అని గల్లీ అంతా పిలిచి చూపిచ్చుకున్న.

"నేల మంచిగ లేదు మేడం" అన్న.

"రబ్బర్ మ్యాట్ వెయ్యండి. మందంగా ఉండాలి, పైన గరుకుండాలి, కింద నుంచి నీళ్లు పోవాలి. ఇంకోసారి జారిందంటే మాత్రం..." అని ఆగింది.

"జారితె?"

"నిలబడలేని గుర్రం ఎక్కువ రోజులు బతకదండీ."

సురేష్ లేచి బయటికి పోయిండు. సురేష్ అంటె నా బామ్మర్ది, సారలమ్మ తమ్ముడు. బరాత్‌ల ముత్యం కళ్లెం పట్టి నడిపిచ్చేది వాడే. జరీ తలపాగ కట్టుకొని ముంగట నడుస్తుంటె వాడే పెండ్లికొడుకు లెక్క కనపడ్తడు, అసలు పెండ్లికొడుకు పైన గోధుమల బస్తా లెక్క ఊగుతుంటడు. తొమ్మిదేండ్లల్ల ఒక్క బస్తాను కింద పడెయ్యలే. పెండ్లోళ్లతోని మాట్లాడుడు, బ్యాండోళ్లతోని కొట్లాడుడు నా పని.

ఇది పుష్యమాసం, పెండ్లిళ్లు లేవు. ఇరవై నాలుగు నుంచి మాఘం. గప్పటికి ముత్యం లేచి నడువాలె.

నేల తప్పు. నూటికి నూరు పాళ్లు నేల తప్పు.

జనవరి 6, శుక్రవారం

సురేష్ బూట్లు ఇడిచిండు. చెప్పులు కూడ.

జనవరి 7, శనివారం

ముత్యం కుంటకుండ నడిచేదాంక కాళ్లకు ఏం తొడుగనని కొమురవెల్లి మల్లన్నకు మొక్కిండట. బీడీ బందు. చాయ్ బందు. దినాం మూడు మాట్ల ఉప్పు మూట వేడి జేసి దాని కాలికి కాపడం పెట్టుకుంట కూసుంటున్నడు, బాలింత కాడ కూసున్నట్టు. మల్లన్న దేవునికి ఈ బీడీలన్ని ఏం జేసుకోవాల్నో తెలుస్తలేదనుకుంట.

సారలమ్మ ముంగట ఏడ్సిండు. నేను అర్రల నుంచి విన్న.

"నేనే జేసిన అక్కా. గిట్టల నూనె సీసా మూత పెట్టకుండ గడప బండ మీద పెట్టి మర్శిన. ఒలికింది. తుడువలే. అప్పుడే ఫోనొస్తె నేను ఆగిన, అది ముంగటికి పోయింది. ఆ సీసా ఏడ పోయిందో కూడ యాదికి లేదు. నాకు గుర్రం పట్టే అర్హత లేదక్కా."

గిట్టల నూనె మేం ఇంట్లనే కాస్తం. ఆముదం, వేపనూనె, హారతి కర్పూరం. బరాత్‌కు ముందు రాస్తె గిట్టలు అద్దాల లెక్క మెరుస్తయ్.

"నువ్వేమన్న చూసినవా సీసా?" అని సారలమ్మ నన్ను అడిగింది.

"నేనెందుకు చూస్త? నేల మంచిగ లేదు" అన్న.

నూనె సంగతి ఇందుల రాసుడు అవసరం లేదు.

జనవరి 8, ఆదివారం

చిదంబరం పాత సామాన్ల దుకాణానికి పోయిన, ఇండస్ట్రియల్ ఏరియా కమాన్ దాటినంక. మద్రాసు నుంచి వచ్చి ఇరవై ఏండ్లాయె, దుకాణంల లేని ఇనుము లేదు.

"గుర్రానికి కింద పరవనీకె రబ్బరు కావాలె."

"గుర్రానికా? పోయిన వారం ఒకాయన కుక్కకి స్వెట్టర్ అడిగాడు. మీ ఊర్లో మనుషులు అందరూ బాగున్నారా?"

"మనుషులు మంచిగనే ఉన్నరు. నేలనే మంచిగ లేదు."

ఫ్యాక్టరీల సరుకు మోసే బెల్టు ఉంటది చూడు, అది చుట్టలు చుట్టి పెట్టిండు. ఒక దిక్కు నున్నగ, ఒక దిక్కు జర గరుకు. ఏనుగు నడిచినా చిరగదని ఒట్టు పెట్టిండు. వాడు ఏనుగును ఎప్పుడు నడిపిండో. ఒక ముక్క కోపిచ్చి తెచ్చి ముత్యం ముంగట పరిచిన.

ముత్యం తుమ్మింది. వెనుక కొట్టంల మేక తుమ్మింది. మేడ మీద సారు తుమ్మి, "కనకరాజు గారూ, ఇవాళ శుభకార్యాలేవైనా ఉంటే వాయిదా వేసుకోండి" అని కిటికీల నుంచి ఒర్రిండు. వాసన చూసిన. కారం. ఆ బెల్టు ఎన్నేండ్లు మిరప్పొడి మోసిందో.

చిదంబరానికి ఫోన్ జేస్తె, "రబ్బర్ అడిగావు, ఇచ్చాను. రుచి చూసి ఇమ్మని చెప్పలేదు కదా" అన్నడు. వీడు నా గురువు కావల్సినోడు.

సర్ఫు నీళ్లల్ల నానబెట్టిన. వాసన పోతె మల్ల చూద్దాం.

జనవరి 10, మంగళవారం

ఏఎస్ రావు నగర్ పోయిన. కసరత్తు సామాన్ల దుకాణం, అంత అద్దాలే. టై కట్టుకున్న పిలగాడు, తేజేష్ అని జేబు మీద రాసుంది.

"మ్యాట్ ఎవరికి సార్?"

"మా ఇంట్ల ఆడపిల్లకు."

"ఏజ్ ఎంత సార్?"

"పద్నాలుగు."

"వెయిట్?"

"నాలుగు వందల కిలోలు."

వాడు రెప్ప కొట్టలే. "హెవీ యూజర్స్‌కి ఇదే బెస్ట్ సార్, జర్మన్ ఫోమ్. డైట్ కూడా కొంచెం చూసుకోండి."

"డైట్ మంచిగనే ఉంది. పొద్దున గడ్డి, మాపటికి గడ్డి."

"సలాడ్స్ చాలా మంచిది సార్."

నవ్వు ఆపుకోలేక అద్దానికి తల కొట్టుకున్న. ఒక ముక్క కొన్న, నీలం రంగుది. ఇంటికి తెచ్చి పరిస్తె ముత్యం వాసన చూసి, ఒక మూల కొరికి, నమిలి, ఉమ్మేసింది. జర్మన్ వంట నచ్చలే.

ఇదంత సురేష్‌కు చెప్పిన. తేజేష్ గొంతు పెట్టి మరీ చెప్పిన. సారలమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. సురేష్ ఉప్పు మూట ఇటు నుంచి అటు మార్చిండు, అంతే. నా మాటకు అందరికన్న ముందు నవ్వేటోడు వాడు. సగంల ఉండంగనే నవ్వుతడు, మిగతాది వినడు కూడ.

జనవరి 12, గురువారం

సురేష్ జవహర్‌నగర్‌ల చెత్త లారీ మీద పని మాట్లాడుకున్నడట. మాఘం మొదలైన దినం నుంచి. వట్టి కాళ్లతోనే పోతడట, మొక్కు గదా.

నాకేం సంబంధం.

జనవరి 13, శుక్రవారం

సురేష్‌కు నేను చెప్పేదేం లేదు.

జనవరి 17, మంగళవారం

ఉప్పల్ రింగురోడ్డు కాడ పాడి సామాన్ల దుకాణం. పాల క్యాన్లు, పలుపులు, దాణా. గల్లపెట్టె కాడ పద్మావతి అని ఒకామె, నా అసొంటి నోరే. నేను అడుగంగనే గోడకు ఆనిచ్చిన నల్ల చాప ఒకటి ఈడ్చి నా కాళ్ల కాడ ఏసింది.

"ఎక్కి దుంకు."

"నేనా?"

"మరి నేనా? కొనేటోడివి నువ్వు."

దుంకిన. వేలున్నర మందం. పైన గుండీల లెక్క బుడిపెలు, కింద నీళ్లు పోయే గాడులు. కాలు పెడితె మెత్తమెత్తగ లోపలికి దిగుతది, మల్ల లేస్తది.

"బర్రెలకు ఇస్త నేను. నీ గుర్రం ఒప్పుకుంటదా?"

"ఎందుకు ఒప్పుకోదు?"

"బర్రెకు సిగ్గు లేదు, దేని మీద పండుమన్న పండుతది. గుర్రం జర నీ లెక్క, నఖరాలు ఎక్కువ" అన్నది. నన్ను చూసి అర్ధగంట కూడ కాలే, ఎట్ల కనిపెట్టిందో. పరీక్షకని ఒకటి చేతికిచ్చింది, నచ్చితె మిగిలినవి పంపుతనన్నది.

జనవరి 18, బుధవారం

నా పరీక్ష ఏందంటె, రబ్బరు మంచిదా అని దుకాణపోన్ని అడుగను. మనుషుల కాళ్లను అడుగుత. గేటు లోపల కారం బెల్టు ముక్క, ఉప్పల్ చాప పక్కపక్కన ఏసి నీళ్లు గుమ్మరిచ్చి అరుగు మీద కూసున్న. పాలోడు పోయిండు, పేపరోడు వచ్చిండు, కరెంటు బిల్లాయన వచ్చిండు. ఎవ్వడు జారలే. పరీక్ష జర గట్టిగ ఉండాలె గదా అనిపిచ్చింది. ట్రంకు పెట్టెల ఉన్న సీసా తీసి రెండిటి మీద కొంచెం కొంచెం పోసిన.

ట్రంకు పెట్టెల సీసా ఉంది. ఎందుకుందో తర్వాత రాస్త.

సారలమ్మ నీళ్ల బిందెతోని ఉప్పల్ చాప మీద నడిచిపోయింది. చుక్క ఒలుకలే. ఎనుకనే పట్టాభిరామయ్య సారు పాల ప్యాకెట్లతోని వచ్చి బెల్టు మీద కాలు పెట్టిండు. నేను బెల్టును నున్నటి దిక్కు పైకి ఏసినట్టున్న.

పడ్డడు. కూసున్నట్టు పడి, మెల్లగ పక్కకు ఒరిగిండు. ప్యాకెట్ పగిలి పాలు ఆయన అంగీ మీద పడ్డయ్. ముప్పై ఏండ్ల నుంచి మనుషులు పడుతుంటె చూసి నవ్వినోన్ని. నవ్వు రాలే. ఉరికి లేవట్టిన. మణికట్టు జర బెణికింది, ఎముకలకు ఏం కాలే.

ఆయన అరుగు మీద కూసొని అరచెయ్యి వాసన చూసుకున్నడు.

"కర్పూరం."

"దేవుని అర్రల వాసన సార్."

"కాదండీ. ఆ రోజు ముత్యం కాలికి పసుపు అద్దింది నేనే. గిట్టలకి ఇదే వాసన. సీసా కోసం ఆ కుర్రాడు గడ్డిమోపులన్నీ తిరగేశాడు. అది మీ దగ్గర ఎందుకుందండీ?"

"నిన్ననే దొరికింది."

"కనకరాజు గారూ, ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూశాను. దొరికిన కాగితానికీ దాచిన కాగితానికీ తేడా నాకు తెలుసు." మణికట్టు ఒత్తుకున్నడు. "ఆ చెత్తగుట్టల్లో గాజుపెంకులుంటాయి. చెప్పుల్లేకుండా ఎక్కుతాడు. అతనితో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్త" అన్న.

సరే, రాస్త. నాలుగో తారీఖు పొద్దుగాల కొట్టం గడప బండ మీద సగం సీసా నూనె పోసింది నేనే. సురేష్ బరాత్‌ల కోసమని తెల్ల బూట్లు కొనుక్కొని మూడు దినాల నుంచి నాచారం మొత్తం చూపిచ్చుకుంట తిరుగుతున్నడు. ఆ బూట్లతోని ఒక్కసారి జర్రున జారితె మస్తుగుంటది అనుకున్న. గడ్డిమోపుల ఎనుక కూసొని చూస్తున్న. ఫోను మోగింది. వాడు ఆగిండు. ముత్యం ఆగలే. తర్వాత సీసా పట్టుకపోయి ట్రంకు పెట్టెల దాచిన.

అంతే. నేల తప్పు కూడ కొంచెం ఉంది.

జనవరి 19, గురువారం

చెప్దామని పోయిన. సురేష్ పండుకున్నడు.

జనవరి 20, శుక్రవారం

చెప్దామని పోయిన. సురేష్ మేల్కొని ఉన్నడు.

జనవరి 21, శనివారం

ఉప్పల్ చాపలు ట్రాలీ ఆటోల వచ్చినయ్. ముత్యాన్ని మెల్లగ వాకిట్లకు తీసి, నేను, సారలమ్మ మోసి పరిచినం. గోడ నుంచి గోడ దాంక, గడప బండతోని సహా. సందు లేదు. నేను ఎగిరిన, సారలమ్మ ఎగిరింది, సారు కట్టు కట్టిన చేత్తోని నిలబడి "భేష్" అన్నడు.

ముత్యం గడప దాక వచ్చి ఆగింది.

లోపలికి చూసి ముక్కు ఎగబీల్చింది. ఎనుకకు జరిగింది. బెల్లం చూపిచ్చినం, రాలే. పచ్చి గడ్డి లోపల ఏసినం, మెడ చాపి అందినంత తిన్నది, కాలు పెట్టలే. డాక్టరమ్మకు ఫోన్ జేసిన.

"నల్లగా ఉంది కదండీ, దానికి గుంతలా కనిపిస్తుంది. ఇప్పటికే ఒకసారి అక్కడ పడింది. లాగొద్దు. అది నమ్మిన మనిషి పక్కనుండి నడిపిస్తే వస్తుంది. ఆ కాలుతో బయట బండల మీద మాత్రం ఉంచొద్దు."

ఏఎస్ రావు నగర్ దాంక పోయి, ఉప్పల్ దాంక పోయి, కారం తుమ్మి, ఇంత జేసి తెచ్చిన చాప దాని కండ్లకు బాయి. సారలమ్మ బియ్యప్పిండి తెచ్చి చాప మీద ముగ్గేసింది, తెల్లగ కనపడితె వస్తదని. ముత్యం ముగ్గు నాకేసింది. గీత మిగలకుండ. కాలు మాత్రం ఆడనే.

నేను కళ్లెం పట్టుకున్న. చెవులు ఎనుకకు ఏసి, నా మొహం చూసి రెండడుగులు ఎనుకకు పోయింది. ఆ పోవుడుల వాకిట్ల బండ మీద ఎనుక కాలు జర్రుమన్నది. ఆపుకుంది. నా పానం పోయి వచ్చింది.

"సురేష్, నువ్వు రా" అన్నది సారలమ్మ.

"నేను పట్టనక్కా. నా చేతులనే పడ్డది. మల్ల జారితె నేను బతుకను."

సారు నా దిక్కు చూసిండు. ఫైలు చూసినట్టు చూసిండు.

"సురేష్, ఆ నూనె నువ్వు ఒలుకపొయ్యలే. నేను పోసిన" అన్న.

వాడు నన్ను చూసి తల ఊపిండు. "ఊకో బావా."

"నిజం. నువ్వు జారాలని పోసిన. నీ బూట్లు చూసి."

"నా మనసు కుదుటపడాలని అంటున్నవ్. నీ యెవ్వారం నాకెరుక లేదా? మా నాయినకు దెబ్బ తగిలిందని ఫోన్ చేపిచ్చి జనగామ దాంక ఉరికిచ్చినవ్. నాయిన అరుగు మీద కూసొని కల్లు తాగుతున్నడు. ఇప్పుడు మంచి చెయ్యబోయి కూడ అబద్ధమే ఆడుతున్నవ్."

యాభైకి దగ్గరకొచ్చినంక ఒక్క నిజం చెప్తె, అది నా ఖాతాల మంచితనం కింద పడ్డది. వదిలేద్దునా అనిపిచ్చింది, అబద్ధం రాయ. అర నిమిషం అనిపిచ్చింది.

ట్రంకు పెట్టె తీసి సీసా తెచ్చి వాని చేతుల పెట్టిన.

మూత తీసి వాసన చూసిండు. సీసాకు వాడు చుట్టిన ఎర్ర దారం అట్లనే ఉంది.

"నువ్వు ఏడున్నవ్ అప్పుడు?"

"గడ్డిమోపుల ఎనుక."

"అది పడ్డప్పుడు?"

"ఆడనే."

"బయటికి ఎప్పుడొచ్చినవ్?"

"నువ్వు ఒర్రినంక. గేటు దిక్కు నుంచి వచ్చినట్టు వచ్చిన."

సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సురేష్ ఏం తిట్టలే. తిడితె మంచిగుండు. సీసాల మిగిలిన నూనె మొత్తం కొత్త చాప మీద వంపిండు. బిందెడు నీళ్లు గుమ్మరిచ్చిండు.

"నడువు."

చెప్పులు ఇడిచి నడిచిన. గడప నుంచి దాణా తొట్టి దాంక, మల్ల ఎనుకకు. బుడిపెలు అరికాళ్లల్ల గుచ్చుకున్నయ్. జారలే. ముత్యం తల తిప్పకుండ నన్నే చూస్తుంది.

"ఇంకోసారి."

ఐదు మాట్ల నడిచిన. ఐదోసారి సారు కూడ "చాలండీ" అన్నడు. సురేష్ అనలే.

తర్వాత సర్ఫు బక్కెట తెచ్చి, మోకాళ్ల మీద కూసొని, చాప మొత్తం వాడే కడిగిండు. గోనెపట్టతోని తుడిచిండు. నేను వంగితె నా చెయ్యి పక్కకు నూకిండు. చివరికి ముత్యం మెడ మీద చెయ్యేసి చెవిల ఏదో చెప్పిండు. నా మీద చాడీలే అయ్యుంటయ్. అది చానాసేపు విన్నది. ముందు కుడి గిట్ట లోపల పెట్టింది. బండ మీద టక్కుమనే గిట్ట, రబ్బరు మీద చప్పుడే కాలే. దానికే అనుమానమొచ్చి కిందికి చూసుకుంది. ఎడమది పెట్టింది.

జనవరి 22, ఆదివారం

సురేష్ నాతోని మాట్లాడుతలేడు.

జనవరి 24, మంగళవారం

మాఘం వచ్చింది. లారీ పనికి పోనని అక్కకు చెప్పిండట. నాకు చెప్పలే.

జనవరి 28, శనివారం

డాక్టరమ్మ వచ్చి చూసింది. వాపు దిగింది. ఇంకో పది దినాలు బరాత్ వద్దన్నది. అంబర్‌పేట్ పెండ్లోళ్లకు వేరే గుర్రం చూసుకోమని చెప్పిన. పెండ్లికొడుకు తండ్రి తిట్టిండు, విన్న. "మ్యాట్ బాగుందండీ, ఎవరు సెలెక్ట్ చేశారు?" అని అడిగింది మేడం. సారలమ్మ నన్ను చూపిచ్చింది. సురేష్ కాలువ దిక్కు ఉమ్మేసిండు.

ఫిబ్రవరి 3, శుక్రవారం

ముత్యం గల్లీ చివరి దాంక పోయి వచ్చింది. కుంటలే. సురేష్ కొమురవెల్లి దిక్కు మొక్కి తెల్ల బూట్లు తొడుక్కున్నడు, చాయ్ తాగిండు, బీడీ ముట్టిచ్చిండు. నేను అరుగు మీద కూసొని తేజేష్ సంగతి మల్ల ఎత్తుకున్న, సలాడ్స్ దాంక వచ్చిన. సురేష్ మొహం గుర్రం దిక్కు తిప్పుకున్నడు. గుర్రం నా దిక్కు తిప్పింది.

ఇట్ల తిట్టకుండ ఎన్నొద్దులు? మనిషి అన్నంక తిట్టాలె.

ఫిబ్రవరి 5, ఆదివారం

పొద్దుగాల పండ్లపుల్ల నోట్ల పెట్టుకొని బాత్‌రూం గడప మీద కాలు పెట్టిన. అంతే. కాలు ముంగటికి, నేను ఎనుకకు. పండ్లపుల్ల ఎటు పోయిందో తెలువదు. పైన మొగులు కనపడ్డది, మొగులుల మేడ మీద కిటికీల నుంచి వంగి చూస్తున్న పట్టాభిరామయ్య సారు కనపడ్డడు. చేతుల పేపరు ఉంది గని చదువుతలేడు. ముందుగాల్నే కూసున్నట్టుంది.

అరచెయ్యి వాసన చూసుకున్న. ఆముదం, వేపనూనె, కర్పూరం. కొత్తగ కాసిండు. కర్పూరం జర ఎక్కువనే పడ్డది.

గడ్డిమోపుల ఎనుక నుంచి నవ్వు మొదలైంది. ముందు ముక్కుతోని, తర్వాత కడుపుతోని, తర్వాత ఆపుకోలేక దగ్గు. నెల రోజులైంది ఆ నవ్వు విని. తెల్ల బూట్లు టకటకలాడిచ్చుకుంట వచ్చి నా మీదికి వంగిండు.

"ఏమైంది బావా? నేల మంచిగ లేదా?"

తుంటి వాసింది. సారలమ్మ కాపడం పెట్టింది. ముత్యానికి పెట్టిన ఉప్పు మూటనే, దాని తెల్ల ఎంట్రుకలు ఇంకా అంటుకొనే ఉన్నయ్.